పాలు ఎవరికి పోస్తే మేలు: రైతుల పాల సంఘానికా, ప్రైవేటు కేంద్రానికా, టౌను వాడికలకా?

గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల గేదెల రైతు పాలు పోసేముందు రేటు బోర్డు చూస్తాడు. అంతకన్నా ముందు చూడాల్సింది వెన్న శాతం ఎలా తీస్తున్నారన్నది. పాల డబ్బు అందులోని వెన్నను బట్టే లెక్క కడతారు. కిలో వెన్నకు 800 రూపాయలనుకోండి. లీటరు గేదె పాలు దాదాపు 1.03 కిలోలు తూగుతాయి. 10 లీటర్లకు 7 శాతం వస్తే 577 రూపాయలు, 6.5 వస్తే 536. రోజుకు 41 పోతే పదిహేను రోజుల బిల్లులో 600 పైమాటే.

ఆ అర శాతం చాలాసార్లు శాంపిల్ దగ్గరే పోతుంది. గేదె పాల మీద మీగడ తొందరగా తేలుతుంది. క్యాను కలియబెట్టకుండా అడుగు నుంచి తీస్తే శాతం పడిపోతుంది. నురగతో పెట్టినా, ఆవు పాల సెట్టింగులో గేదె పాలు పెట్టినా వెన్న శాతం చూపే మెషీన్ లెక్క తప్పుతుంది. అనుమానమొస్తే వెన్నను విడదీసి కొలిచే గెర్బర్ పరీక్ష అడగాలి: 10 మి.లీ. సల్ఫ్యూరిక్ ఆమ్లం, 10.75 మి.లీ. పాలు, 1 మి.లీ. అమైల్ ఆల్కహాల్ కలిపి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, 65 డిగ్రీల వేడినీళ్లలో ఉంచి రీడింగ్ చూస్తారు. సంఘంలో సభ్యుడిగా ఇది గట్టిగా అడగొచ్చు. ప్రైవేటు కేంద్రంలో సాధారణంగా మెషీన్ స్లిప్పే తీర్పు.

ప్రైవేటు వాళ్ల బలం చేతిలో డబ్బు. గేదె కొనడానికి అడ్వాన్సు ఇస్తారు, ఎండాకాలం పాలు తగ్గగానే రేటు పెంచుతారు. గేదెలు విరివిగా పాలిచ్చే శీతాకాలంలో అదే రేటు కిందికి దిగుతుంది. అప్పుడు అడ్వాన్సు తీరని రైతు కదల్లేడు.

టౌను వాడికల్లో, అంటే రోజూ ఇంటికి పాలు పోయించుకునేవాళ్ల దగ్గర, లీటరుకు 75 వచ్చిందనుకుందాం. 10 లీటర్ల మీద పైన చెప్పిన 577 కన్నా 173 ఎక్కువ. పెట్రోలుకు 60 పోయి, ఒక లీటరు మిగిలిపోతే చేతికొచ్చేది 38 రూపాయలు. నెలాఖరు బాకీల సంగతి వేరే. మంగళగిరి, తాడేపల్లి వైపు నుంచి 25 లీటర్లు తెచ్చేవాళ్లకు అదే ఖర్చు మీద 300 దాకా మిగులుతుంది. చిన్న రైతుకు ఇది దండగ పనే.

ఇక సంఘం. కృష్ణా మిల్క్ యూనియన్ పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద, వడ్లమూడి సంగం డెయిరీ పాల రైతులే వాటాదారులుగా ఉండే ప్రొడ్యూసర్ కంపెనీగా నడుస్తున్నాయి. చట్టాలు వేరైనా రెండిట్లోనూ పాలు పోసే సభ్యుడికి ఓటు, మిగులులో బోనస్ ఉండాలన్నదే మూలసూత్రం. అయితే ఎండల్లో సభ్యులే పాలు బయటికి మళ్లిస్తే బల్క్ కూలర్‌లో, అంటే పాలు చల్లబరిచే పెద్ద ట్యాంకులో, పాలు సగానికి పడిపోతాయి. కరెంటు బిల్లు లీటరుకు పెరుగుతుంది. పాలు మరీ తగ్గితే తిప్పే రెక్క అందక, అడుగున పాలు చలికి మంచులా గడ్డకట్టి, వెన్న విడుతుంది. పోసిన పాలు 4 డిగ్రీలకు చల్లబడకపోతే ఎండకు పులిసి, ఆ నష్టం అందరి బిల్లులోనూ కోత పడుతుంది.

20 లీటర్ల లోపు ఉంటే సంఘమే మేలు. టౌను దగ్గరై, అంతకుమించి పాలుంటే ఉదయం పాలు సంఘానికి, సాయంత్రం పాలు వాడికలకు పోయొచ్చు. అలా మళ్లించేముందు బైలా చదవండి: ఏడాదికి ఇన్ని రోజులు, ఇన్ని లీటర్లు పోయకపోతే ఓటు ఉండదన్న నిబంధన చాలా సంఘాల్లో ఉంటుంది, బోనస్ ఎలాగూ పోసిన పాలను బట్టే.