మెత్తని ఇనుమా, గట్టి ఉక్కా, పొయ్యి కాళ్లా: యోసెమిటీ గోడకు ఏ మేకు మేలు?

కాలిఫోర్నియాలోని యోసెమిటీ లోయలో నిలువు గ్రానైట్ గోడలు ఎక్కడం మొదలైన రోజుల్లో వాడినవి ఎక్కువగా యూరప్ తరహా మెత్తని ఇనుప పిటాన్లు. రాతి నెర్రెలో సుత్తితో దిగ్గొట్టి, తల దగ్గరి కన్నానికి కారబినర్ (తెరిచి మూసే లోహపు కొక్కెం) తగిలించి, అందులోంచి తాడు పోనిచ్చే మేకు అన్నమాట. నెర్రె ఎటు తిరిగితే అటు వంగుతూ దిగుతుంది, బాగానే పడుతుంది. చిక్కల్లా పీకేటప్పుడే. ఊడి రాదు, వచ్చినా వంకరపోయి ఉంటుంది. అందుకే దాన్ని అక్కడే వదిలేసేవారు. ఒక్క పూట ఎక్కుడికైతే సరే. నాలుగైదు రోజులు గోడ మీదే ఉండాలంటే దారి పొడవునా వదిలేయడానికి ఎన్ని మోసుకెళ్తారు? తాగే నీళ్లు మోయడమే గగనం.

ఈ లెక్క మార్చింది జాన్ సలాతే. స్విట్జర్లాండ్‌లో పుట్టి, శాన్ మటేయోలో కమ్మరం చేసుకునే మనిషి. కొండలెక్కడం మొదలుపెట్టిందే నలభై ఐదు దాటాక! తన కొలిమిలో గట్టి ఉక్కుతో పిటాన్లు చేసుకున్నాడు. పాత ఫోర్డ్ మోడల్ ఎ కారు ఇరుసు ఉక్కు అది అని చెప్పుకుంటారు. ఇలాంటి మేకు దిగుతుంటే దెబ్బ దెబ్బకీ మోత సన్నబడి పైస్థాయికి పోతుంది. డొల్లగా మోగితే దాన్ని నమ్మకూడదు. తీయాలంటే అటో దెబ్బ, ఇటో దెబ్బ మార్చి మార్చి కొడితే వదులవుతుంది. వెనక వచ్చేవాడు దాన్ని పీకి తెస్తే, పైన మళ్లీ అదే మేకు. 1947లో సలాతే, యాంటన్ నెల్సన్ ఐదు రోజులు గోడ మీదే ఉండి లోయలోని లాస్ట్ ఆరో చిమ్నీ అనే దారి ఎక్కగలిగారంటే ఈ ఆదా పుణ్యమే చాలావరకు.

అయితే అవి సన్నని నెర్రెలకే. 1957లో వారెన్ హార్డింగ్ బృందానికి ఈ లోయలోనే ఉన్న ఎల్ కాపిటాన్ అనే పెద్ద గోడ మీది 'నోస్' దారిలో రెండు మూడు అంగుళాల వెడల్పున్న పొడవాటి నెర్రె ఎదురైంది. అందులో పట్టే మేకు ఎక్కడ దొరుకుతుంది? ఫ్రాంక్ టార్వర్ బర్క్‌లీ చెత్తకుప్పలో పారేసిన పొయ్యి కాళ్లు ఏరుకొచ్చాడు. వాటినే పిటాన్లుగా మార్చి దిగ్గొట్టారు. సుత్తి దెబ్బలకని చేసిన వస్తువు కాదు గదా, మన్నిక గురించి అడక్కండి. ఆ ఏడాది ఆ నెర్రెకు మాత్రం వాటిని మించింది లేదు. దాని పేరు ఇప్పటికీ స్టవ్ లెగ్స్. 1958 నవంబర్‌లో హార్డింగ్, వేన్ మెర్రీ, జార్జ్ విట్‌మోర్ శిఖరం చేరారు.

మూడింట్లో ఒకటే ఎంచుకోమంటే నా ఓటు సలాతేకే. మేకు ఎంత గట్టిగా దిగిందన్నదానికంటే, తిరిగి చేతికొచ్చిందా అన్నదే పెద్ద గోడ మీద లెక్క. కానీ ఆ సుగుణమే తర్వాత రాయికి చేటు తెచ్చింది. ఒకే చోట వందలమంది కొట్టి, పీకి, మళ్లీ కొట్టేసరికి నెర్రెలు గుంటలు పడ్డాయి. యోసెమిటీలోనే సెరినిటీ క్రాక్ అనే నెర్రె దారి మొదటి భాగంలో వేళ్లు దూరే ఆ గుంటల్ని పట్టుకునే ఇవాళ ఎక్కుతున్నారు. మెత్తని ఇనుమును వెనకేసుకురావాలంటే చెప్పగలిగింది ఇదొక్కటే: ఒకసారి కొట్టి వదిలేస్తే రాయికి ఒక్కటే గాయం. 1972లో ఇవాన్ షునార్డ్, టామ్ ఫ్రాస్ట్ తాము అమ్మే ఉక్కు పిటాన్లను పక్కన పెట్టి, సుత్తి అక్కర్లేకుండా చేత్తోనే నెర్రెలో ఇరికించి తీసే అల్యూమినియం ముక్కలు, చాక్‌లు వాడమన్నది ఈ గుంటలు చూసే.