పార్ట్‌టైమ్ మార్కెటింగ్ హెడ్ కావాలంటే అప్‌వర్కా, టాప్టలా, లింక్డ్‌ఇనా: ఏది మేలు?

మార్కెటింగ్ మొత్తానికి దారి చూపగలిగే అనుభవం ఉన్న మనిషి కావాలి, వారానికి పది పదిహేను గంటలు చాలు, ఫుల్‌టైమ్ జీతం ఇచ్చే స్తోమత లేదు. హైదరాబాద్‌లోని చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీకీ, గుంటూరు నుంచి అమెరికాకు పచ్చళ్లు పంపే వ్యాపారికీ ఇదే అవసరం. కానీ ఇద్దరూ ఒకే వేదిక మీద వెతికితే ఎవరో ఒకరికి డబ్బు దండగ. ఏ వేదికకు పేరుందన్నది నేను రెండో ప్రశ్నగానే చూస్తాను. వచ్చినవాళ్లను వడపోసే పని అక్కడ ఎవరు చేస్తారు, మీరా వాళ్లా? ముందు తేల్చుకోవాల్సింది ఇదే.

ఫ్రీలాన్సర్లు దొరికే వెబ్‌సైట్ అప్‌వర్క్‌లో ఆ పని పూర్తిగా మీదే. ఈలాన్స్, ఓడెస్క్ అనే రెండు పాత సంస్థలు కలిసి 2015లో ఈ పేరు పెట్టుకున్నాయి. ప్రకటన వేస్తే దరఖాస్తులు గుట్టగా వస్తాయి, సగం ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి. మార్కెటింగ్ తెలియనివాళ్లు అందులోంచి మార్కెటింగ్ హెడ్‌ను ఏరడం చాలా కష్టం. అయితే దీనికి ఒక గట్టి సుగుణం ఉంది. చిన్న పనితో మొదలుపెట్టి మనిషిని పరీక్షించడానికి ఇంత వీలైన చోటు మరొకటి లేదు. మొత్తం పనికి ఇంత అని రాసుకునే ఫిక్స్‌డ్ ప్రైస్ కాంట్రాక్టులో డబ్బు ముందుగా ఎస్క్రోలో, అంటే మధ్యవర్తి ఖాతాలో ఉంటుంది, పని చూసి మీరు విడుదల చేస్తారు. కాబట్టి నచ్చిన ఇద్దరికి ఒకే పని ఇవ్వండి: గత ఏడాది ప్రకటనల ఖర్చు, అమ్మకాల లెక్కలు చూపించి, ఏది ఆపాలో ఏది పెంచాలో రెండు పేజీల్లో రాయమనండి. ఇద్దరికీ డబ్బు ఇవ్వండి, ఉచితంగా చేయించుకోవద్దు. ఆ రెండు పేజీలు చదివితే తెలిసేది పది ఇంటర్వ్యూల్లో కూడా తెలియదు.

గంటల లెక్కన కాంట్రాక్టు రాసుకుంటే అప్‌వర్క్ యాప్ పని చేసేవారి స్క్రీన్‌ను మధ్యమధ్యలో ఫొటో తీస్తుంది. డిజైనర్‌కో డేటా ఎంట్రీకో అది పనికొస్తుంది. మార్కెటింగ్ హెడ్ దగ్గర మీరు కొనేది ఆలోచన, అది స్క్రీన్ మీద కనబడదు. అందుకే నెలకింత అని మాట్లాడుకోవడమే మేలు.

టాప్టల్ 2010లో కంపెనీలకు ప్రోగ్రామర్లను వెతికిపెట్టే వేదికగా మొదలైంది, మార్కెటింగ్ వాళ్లను తర్వాత చేర్చుకుంది. వచ్చిన దరఖాస్తుల్లో మూడు శాతాన్నే తీసుకుంటామని వాళ్ల ప్రచారం. ఇలాంటిదే మరో వేదిక మార్కెటర్‌హైర్ మాత్రం పేరుకు తగ్గట్టు మార్కెటింగ్ ఒక్కటే చూస్తుంది. రెండు చోట్లా మీ అవసరం విని వాళ్లే మనిషిని చూపిస్తారు, కుదురుతుందో లేదో చూసుకోవడానికి రెండు వారాల ట్రయల్ కూడా ఇస్తారు. వడపోసే భారం మీకు తప్పుతుంది. బదులుగా రెండు వదులుకుంటారు: ఎవరెవరిని పక్కన పెట్టారో మీకు తెలియదు, మీరిచ్చే దాంట్లో ఆ మనిషికి చేరేదెంతో కూడా చెప్పరు. అమెరికాలో ఈ స్థాయి పార్ట్‌టైమ్ మనిషి నెలకు 5,000 నుంచి 15,000 డాలర్లు అడగడం మామూలే. అమెరికన్ కంపెనీలకు సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లకు ఆ ఖర్చు గిట్టుబాటు కావచ్చు, ఎందుకంటే అక్కడి కొనుగోలుదారు మనసు తెలిసిన మనిషి దొరుకుతారు. ఈ రెంటిలో నా ఓటు మార్కెటర్‌హైర్‌కే. మార్కెటింగ్ మనిషిని కొలవడం మార్కెటింగే పనిగా పెట్టుకున్నవాళ్లకు బాగా తెలుస్తుందని నా నమ్మకం.

పచ్చళ్ల వ్యాపారి సంగతి వేరు. కొనేవాళ్లు అమెరికాలో ఉన్నా వాళ్లు తెలుగువాళ్లే. సంక్రాంతికి ఏం పంపాలో, కొత్తావకాయ ఏ నెలలో ప్రకటించాలో, ఏ తెలుగు సంఘం సభలో స్టాల్ పెట్టాలో తెలిసిన మనిషి కావాలి. టాప్టల్ వడపోతలో ఈ తెలివికి మార్కులు పడవు. ఇలాంటివాళ్లకు లింక్డ్‌ఇన్‌లో స్వయంగా వెతకడం, అదే రంగంలో పోటీలేని ఇంకో వ్యాపారిని అడిగి పేరు తెచ్చుకోవడమే మంచి దారి. స్వతంత్ర కన్సల్టెంట్లను కంపెనీలతో కలిపే ఫ్లెక్సింగ్ ఇట్ లాంటి దేశీయ వేదిక రెండో దారి. నౌకరీ అనే ఉద్యోగాల సైట్‌లో వేయదలిస్తే ప్రకటనలో 'మార్కెటింగ్ హెడ్, పార్ట్‌టైమ్' అని స్పష్టంగా రాయండి. ఎగ్జిక్యూటివ్ అని రాస్తే బండేసుకుని తిరిగే ఫీల్డ్ సేల్స్ కుర్రాళ్ల దరఖాస్తులే వస్తాయి.

పన్నుల తేడా కూడా చూసుకోవాలి. విదేశంలో ఉన్నవారి సేవ కొంటే, జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాపారం రివర్స్ ఛార్జ్ కింద, అంటే అమ్మినవారికి బదులు, 18 శాతం తానే కట్టి, తర్వాత ఇన్‌పుట్ క్రెడిట్‌గా తన పన్నులో తగ్గించుకోవాలి. ఆ నెలకు చేతిలో నగదు ఉండాలి మరి. ఇక్కడి కన్సల్టెంట్‌కు కంపెనీ నేరుగా ఇచ్చే ఫీజు ఏడాదికి 50,000 రూపాయలు దాటితే 10 శాతం టీడీఎస్ కోయాలి. మీ ఆడిటర్‌ను ముందే అడగండి.

ఇన్ని వేదికల్లో ఏ ఒక్కటీ మీ తరఫున అడగనివి కొన్ని ఉన్నాయి. ఈ మనిషికి ఇంకెందరు క్లయింట్లు? వాళ్లలో మీ పోటీదారు ఉన్నారా? పండగ సీజన్‌లో అందరికీ ఒకేసారి పని పడితే మీ వంతు ఎప్పుడు? జవాబులు కాంట్రాక్టులో రాయించుకోండి. గూగుల్, మెటా ప్రకటనల ఖాతాలు కంపెనీ పేరునే ఉండాలి, వాళ్లకు యూజర్‌గా అనుమతి ఇస్తే చాలు.

పోస్టర్ చేసేవారు, ప్రకటన నడిపేవారు, మెసేజ్‌లకు జవాబిచ్చేవారు మీ దగ్గర ఒక్కరూ లేకపోతే మాత్రం ఇప్పుడే హెడ్ వద్దు. ఆయన ఇచ్చే సలహా అమలుచేసే చేతులు లేక ఆగిపోతుంది. ముందు పని చేసే ఒకరిని పెట్టుకుని, ఆర్నెల్ల తర్వాత చూడండి.

చివరగా, అప్‌వర్క్‌లో దొరికిన మనిషితో లావాదేవీలు రెండేళ్లు అక్కడే నడపాలి, బయటికి తెచ్చుకోవాలంటే ఫీజు కట్టాలి. మిగతా వేదికలకూ వాటి షరతులుంటాయి. మనిషి బాగా కుదిరి, రేపు ఫుల్‌టైమ్‌లోకి తీసుకుందామనే ఆలోచన ఉంటే, సంతకానికి ముందే ఆ ఫీజు ఎంతో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి.