బొమ్మ లేని పేజీ కోసమే ఈ పుస్తకం: మలావీ బడుల్లో ఆరోగ్య కలరింగ్ బుక్

ఈ కలరింగ్ బుక్‌లో 16 పేజీలుంటే, నేను మనసారా మెచ్చుకునేది చివరి పేజీ ఒక్కదాన్నే. అందులో బొమ్మ లేదు. చుట్టూ ఒక గీత, లోపలంతా ఖాళీ, పైన మీ ఇంట్లో వాడే నీళ్లు ఎక్కడినుంచి వస్తాయో గీయమని చిచేవా భాషలో ఒక్క వాక్యం. కాగితం మడిచి మధ్యలో పిన్ను కొట్టే పుస్తకంలో పేజీలు నాలుగేసి చొప్పునే పెరుగుతాయి. చెప్పాల్సింది 15 పేజీల్లో అయిపోయింది కాబట్టి ఒకటి మిగిలిపోయింది. ఆ మిగిలిన పేజీయే మా టీమ్‌కి తక్కిన వాటన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది.

నేను నర్సుని. మా చర్చికి తెలిసిన ఒక వైద్య బృందంతో కలిసి ఆఫ్రికాలోని మలావీ దేశంలో మాంగోచి జిల్లాకి, సరస్సు ఒడ్డున ఉన్న ఊళ్లకి వెళ్తుంటాను. 2022 మార్చిలో ఆ దేశంలో కలరా మొదలవడానికి ముందునుంచీ ఈ పుస్తకం మా చేతుల్లో ఉంది. చేతులు కడగడం, దోమతెర, మరుగుదొడ్డికి మూత, ఓఆర్‌ఎస్ కలపడం, ఈ పేజీల గురించి ఇక్కడ రాయను. ఇలాంటి పుస్తకాలు అన్నిట్లోనూ అవే ఉంటాయి, ఇందులోనూ బాగానే ఉన్నాయి. ఒక మంచి మాట మాత్రం చెప్పాలి. ఇందులో బైబిల్ వాక్యాలు, ప్రార్థనలు కలపలేదు, ఆరోగ్యం ఒక్కటే ఉంది. మాంగోచిలో ఎక్కువమంది యావో తెగ ముస్లింలు. ఆరోగ్యం తప్ప వేరే ఉద్దేశం లేదని తెలిశాక మదర్సా వాళ్లు కూడా మమ్మల్ని పిలిచి పిల్లలతో రంగులు వేయించారు.

ఇక ఆ ఖాళీ పేజీ సంగతి. సరస్సుకి దగ్గరలో ఉన్న ఒక బడిలో నాలుగో తరగతి పిల్లలకి పుస్తకాలిచ్చాం. ఆ బడికి కూతవేటు దూరంలోనే బోరింగు ఉంది. మలావీ పల్లెల్లో ఎక్కడ చూసినా కనిపించే ఆఫ్రిదేవ్ రకం, పనిచేస్తున్నదే. బోరింగు ఉన్న ఊరు కాబట్టి తాగే నీళ్ల గురించి దిగులు లేదని, సరస్సు నీళ్లు స్నానానికీ గిన్నెలకీ మాత్రమే వాడతారని అక్కడికి వచ్చే బృందాలన్నీ అనుకునేవి. పుస్తకంలో ఆరో పేజీ కూడా అలాగే ఉంది. ఒక పాప బోరింగు దగ్గర కప్పుతో నీళ్లు తాగుతుంటుంది.

పిల్లలు గీసిన కాగితాలు సాయంత్రం నేల మీద పరిచి చూస్తుంటే ఒక విషయం పట్టుకుంది మా బృందంలోని స్థానిక ఆరోగ్య కార్యకర్త. చాలా బొమ్మల్లో బోరింగు ఉంది. దాని పక్కన ప్లాస్టిక్ బకెట్టు, బట్టలు, మేకలు. మట్టి కుండ మాత్రం బోరింగు దగ్గర ఎక్కడా లేదు, సరస్సు ఒడ్డున ఉంది. ఆ ఊళ్లలో కుండ అంటే తాగే నీళ్లదే, ఇంట్లో చల్లగా ఉండే మూల పెట్టేది. ఒకరిద్దరు అలా గీస్తే పట్టించుకునేవాళ్లం కాదు. ఒకరి కాగితం ఇంకొకరు చూడని పిల్లలు, వేర్వేరు బెంచీల్లో కూర్చున్నవాళ్లు, కుండని అదే చోట పెట్టారు.

మర్నాడు ఆమె నన్ను వెంటబెట్టుకుని ఇళ్లకి తీసుకెళ్లింది. ఒక పెద్దావిడ బోరింగు నీళ్లు గ్లాసులో పోసి నా చేతికిచ్చింది. ఉప్పగా ఉన్నాయి. సరస్సు పక్కన కొన్నిచోట్ల భూగర్భజలం అలాగే ఉంటుంది. ఆ నీళ్లతో టీ బాగుండదు, ఎన్‌సిమా (వాళ్లు రోజూ తినే మొక్కజొన్న పిండి ముద్ద) రుచి పోతుంది, దాహం తీరదు. అందుకని బోరింగు నీళ్లు వాడకానికి, సరస్సు నీళ్లు తాగడానికి. నేను పుట్టింది దివిసీమ పక్కన. మా ఇంట్లోనూ బోరు నీళ్లు అంట్లకీ బట్టలకీ వాడి, తాగడానికి మంచినీళ్ల చెరువు నుంచి బిందెలతో మోసుకొచ్చేవాళ్లం. ఆ పెద్దావిడ చెప్పింది నాకు రెండోసారి చెప్పించుకోవాల్సిన అవసరం లేకపోయింది.

ఇన్ని సర్వేలు జరిగిన ఊళ్లో ఆ మాట ఎందుకు బయటికి రాలేదంటే, అడిగే ప్రశ్నే వేరుగా ఉండేది. ‘మీ ఊళ్లో బోరింగు ఉందా, పనిచేస్తుందా’ అని అడిగితే రెంటికీ ‘ఉంది, చేస్తుంది’ అనే జవాబొస్తుంది, అది నిజం కూడా. ఖాళీ కాగితం ఏ జవాబునీ ముందుగా సూచించలేదు.

దాంతో మా పాఠం మారిపోయింది. బోరింగు నీళ్లే తాగండి అని చెప్పడం మానేశాం. కుండలోని నీళ్లని శుభ్రం చేయడం నేర్పించాం. చితెంజె గుడ్డ (అక్కడి ఆడవాళ్లు నడుముకి చుట్టుకునేది) మడతలు వేసి వడకట్టడం, వాటర్‌గార్డ్ లాంటి క్లోరిన్ మందు కలిపి అరగంట ఆగడం, కుండకి మూత, చెయ్యి ముంచకుండా పొడవాటి కాడ ఉన్న గరిటె. తర్వాత కొద్దికాలానికే కలరా వచ్చింది. ఆ దేశంలో 58 వేలకు పైగా కేసులు, 1,700కు పైగా మరణాలు. బాగా దెబ్బతిన్న జిల్లాల్లో మాంగోచి ఒకటి. మా పుస్తకం వల్ల ఆ ఊరు బతికిందని నేను చెప్పను, అలా చెప్పడానికి ఆధారం లేదు. క్లోరిన్ పంచే రోజు వచ్చినప్పుడు ఏ పాత్రలో కలపాలో ఆ ఇళ్లలో మళ్లీ మొదటినుంచి చెప్పాల్సిన పని పడలేదు. అంతవరకు నేను కళ్లారా చూశాను. తర్వాతి ముద్రణలో ఆరో పేజీ కూడా మార్పించాం. ఇప్పుడు ఆ పాప కుండ మీద మూత పెడుతోంది.

ఇంత పొగిడాక, ఆ పేజీ అన్నిచోట్లా ఇలా పనిచేయదని కూడా చెప్పాలి. వేరే బడిలో టీచరుగారు ఎంతో ఉత్సాహంగా బోర్డు మీద చక్కటి బోరింగు, దాని పక్కన పువ్వుల మొక్క గీసి చూపించారు. తరగతిలో వందమందికి పైగా ఉన్నారు, అందరూ అదే బోరింగు, అదే పువ్వుల మొక్క గీశారు. ఆయన్ని తప్పుపట్టలేం, అంతమందిని ఒకచోట కూర్చోబెట్టి పనిచేయించడం ఎంత కష్టమో చూస్తే తెలుస్తుంది. ఇంకోచోట పిల్లలు ముందు పేజీల్లో రంగులేసిన బొమ్మల్నే చివరి పేజీలోకి దించేశారు. అందుకే ఇప్పుడు నేను పుస్తకం తెరవకముందే ఖాళీ కాగితం విడిగా ఇస్తాను. ముందు వాళ్లు గీయాలి, తర్వాతే మన బొమ్మలు చూడాలి. ఒకటో తరగతి పిల్లలకి ఇది పనికిరాదు. కాస్త చెయ్యి తిరిగిన వాళ్లు కావాలి. గీసినవి గోడకి అంటించడం కూడా మానేశాను. మరుగుదొడ్డి లేని ఇల్లు గీసిన పిల్లవాడిని తోటివాళ్లు ఎగతాళి చేస్తుంటే చూసి, ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

ఈ పుస్తకం మీద నాకు కోపం ఉన్నది ఒక్క బిల్‌హార్జియా (సరస్సు నీళ్లలో దిగితే సోకే పురుగు జబ్బు) పేజీ విషయంలోనే. సరస్సులో ఈదుతున్న పిల్లాడి మీద పెద్ద ఇంటూ గుర్తు. చేపలు పట్టుకుని బతికే ఊళ్లో, గిన్నెలు కడగడానికి రోజూ నీళ్లలో దిగే ఆడపిల్లలకి ఆ గుర్తు ఏం నేర్పుతుంది? ఇంటూకి ఎర్ర రంగు అందంగా వేసి, బెల్లు కొట్టగానే సరస్సులోకే పరిగెత్తారు. ఈ జబ్బు తిరిగే దారి అక్కడి పిల్లలకి చెప్పదగ్గదే. మూత్రంతో పాటు గుడ్లు నీళ్లలో పడతాయి, అవి పొదిగి నత్తల్లో చేరతాయి, నత్తల్లోంచి బయటికొచ్చిన పురుగు మనిషి చర్మంలోంచి దూరుతుంది. కాబట్టి నీళ్లలో మూత్రం పోయకపోవడం, మూత్రంలో రక్తం కనిపిస్తే సిగ్గుపడకుండా చెప్పడం, బడికి ఈ జబ్బు మందు ప్రాజిక్వాంటెల్ మాత్రలు వచ్చిన రోజు మానకుండా రావడం, ఇవి పిల్లల చేతిలో ఉన్న పనులు. మాత్రలెన్నో నిర్ణయించడానికి ఎత్తు కొలిచే కర్ర తెస్తారు, దాని పక్కన నిలబడటం పిల్లలకి మహా సరదా. ఆ కర్రనే బొమ్మగా వేసి ఉంటే ఎంత బాగుండేది! చెప్పి చూశాను, ఇంకా మార్చలేదు.

సామాను గురించి రెండు మాటలు. మైనపు క్రేయాన్లు ఎండలో ఆపిన బండిలో పెడితే కరిగి ముద్దవుతాయి, నీడలో ఉంచండి. స్కెచ్ పెన్నుల రంగు పేజీ వెనక్కి దిగుతుంది, అసలు వద్దు. రంగు పెన్సిళ్లు మంచివే గానీ చెక్కుకునే మరలు రెండో రోజుకే మాయమవుతాయి. ఒక్కో క్రేయాన్‌ని రెండు ముక్కలు చేసి పంచితే కొట్లాటలు తగ్గుతాయి. పేజీ ఏ4 సైజులో ఉంటే ఒక్కో పుస్తకం 40 గ్రాముల దాకా తూగుతుంది, 500 పుస్తకాలంటే 20 కిలోలు. విమానంలో మోసుకెళ్లే బదులు మలావీ నగరాలైన బ్లాంటైర్‌లోనో లిలోంగ్వేలోనో ప్రింట్ చేయించుకోండి. తప్పు పేజీ ఉంటే వెంటనే మార్చుకోవచ్చు కూడా.

కొనమంటానా అంటే, నా పరిస్థితి వేరు. మా బృందంలో ఆ స్థానిక కార్యకర్త ఉంది. మలావీ ప్రభుత్వం ఊళ్లలో నియమించే హెచ్‌ఎస్‌ఏ (హెల్త్ సర్వైలెన్స్ అసిస్టెంట్) ఆమె. మేం వెళ్లిపోయాక కూడా అక్కడే ఉంటుంది, యావో మాట్లాడుతుంది, ఏ బొమ్మ ఏ ఇంటిదో గుర్తుపడుతుంది. పిల్లల కాగితంలో కుండని చూసింది ఆమే, నేను కాదు. అలాంటి మనిషి తోడుంటే ఈ పుస్తకం తీసుకోండి. బిల్‌హార్జియా పేజీ చించేసి వాడినా పర్వాలేదు. వారం రోజుల క్యాంపుకి వెళ్లి, ఒక్కో బడిలో గంటసేపు ఉండి వచ్చే బృందమైతే పుస్తకాల డబ్బు క్లోరిన్ సీసాలకి పెట్టడమే మంచిదని నాకనిపిస్తుంది. పిల్లలకి రంగులేసుకునే సరదా కోసం ఇవ్వాలనుకుంటే ఇవ్వండి. అక్కడ చాలామందికి సొంతంగా దొరికే మొదటి పుస్తకం అదే అవుతుంది. అదేమీ చిన్న విషయం కాదు, కానీ దాన్ని ఆరోగ్య పాఠం లెక్కలో రాయకండి.