జాగ్రత్త: 'జేబులో కంప్యూటర్' అని అమ్ముతున్న 64 జీబీ పెన్‌డ్రైవ్ కొనకుండ్రి, లోపల ఉన్నది 8 జీబీయే

నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న ఆ పోస్టరు అందరు చూసే ఉంటరు. "హార్డ్‌డిస్క్ పోయిన ల్యాప్‌టాప్ పారెయ్యకండి, జేబులో కంప్యూటర్, 64 జీబీ, యూఎస్‌బీ 3.0, పెట్టంగనే పనిజేస్తది, 900 మాత్రమే." ఏ షాపుదో, పేరు రాస్తలేను. రెండు తీసుకున్నం. ఒకటి జిరాక్స్ సెంటర్‌లో వాడనీకె, ఒకటి మా అక్క బిడ్డ డిగ్రీ ప్రాజెక్టు రాసుకోనీకె. లోపల ఎక్కించి ఇచ్చింది పప్పీ లినక్స్, అంటే విండోస్ లెక్కనే కంప్యూటర్‌ను నడిపే ఫ్రీ సిస్టం, హార్డ్‌డిస్క్ లేకున్నా పెన్‌డ్రైవ్ నుంచే లేస్తది. ముందే చెప్తున్న, పప్పీ మీద ఒక్క మాట పడనియ్యను. 2003లో ఆస్ట్రేలియా ఆయన బ్యారీ కౌలర్ మొదలుపెట్టిన సిస్టం అది, 2 జీబీ ర్యామ్ ఉన్న పాత డబ్బా మీద గూడ మంచిగ నడుస్తది. దగా అంతా దాని కింద ఉన్న పెన్‌డ్రైవ్‌ది.

ప్రాజెక్టు రిపోర్టు తెరిస్తే తెరుచుకోలే. ఫైలు పేరు ఉన్నది, సైజు గూడ కరెక్టే చూపెడుతున్నది, లోపల మొత్తం సున్నాలు. షాపుకు తీస్కపోయి చూపెట్టినం. షాపాయన ఏమైందని అడగలే, ఇందులో పనికొచ్చేది ఏమన్న ఉన్నదా అని గూడ అడగలే. తన సిస్టంకు గుచ్చిండు, డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచిండు, రెండు పార్టిషన్లు, అంటే పెన్‌డ్రైవ్‌ను విడగొట్టిన భాగాలు, కనిపిస్తే రెండు డిలీట్ కొట్టిండు. "ఆగన్నా, అందులో ఫైళ్లున్నయ్" అంటనే ఉన్నం, కొత్త పార్టిషన్, ఎక్స్‌ఫ్యాట్, క్విక్ ఫార్మాట్, ఫినిష్. రెండు సెకన్లు పట్టలే. మానిటర్ మా దిక్కు తిప్పి వేలు పెట్టి చూపెట్టిండు: "చూడుండ్రి సార్, 58 జీబీ ఖాళీ. 64 అంటే గింతే వస్తది. ఏడుంది డూప్లికేట్?"

అమ్మిన రోజు "అన్నా, కండ్లు మూసుకొని వాడుకో" అన్న నోరే. రిటర్న్ అనంగనే "సార్" అయినం.

మరి ఫైళ్లేవి అంటే, "మీరు సరిగ్గ షట్‌డౌన్ చేసుండరు. అయినా లినక్స్ ఫ్రీది సార్, ఫ్రీదానికి గ్యారంటీ ఏముంటది?" ఫ్రీది అయితే 900 దేనికి తీసుకున్నవంటే "ఎక్కించినందుకు" అన్నడు. మరి పెన్‌డ్రైవ్? పక్కన కూసున్న పోరగాడు "గిఫ్టు అనుకోండి" అని నవ్విండు. మంచి గిఫ్టే ఇచ్చిండ్రు, ఆరు నెలల రాత సున్నాలైంది.

ఆ 58 జీబీ సంగతి ముందు చెప్తా, ఎందుకంటే రేపు మీకు గూడ ఇదే చూపెడతరు. క్విక్ ఫార్మాట్ మెమరీని కొలవదు. నీ సైజు ఎంత అని పెన్‌డ్రైవ్‌లోని కంట్రోలర్ చిప్‌ను అడుగుతది, అది చెప్పిన అంకెను నమ్మి మొదట్లో కొంచెం పట్టిక రాసి ఊకుంటది. డూప్లికేట్ తయారుచేసేటోడు మార్చేదే ఆ అంకెను. లోపల 8 జీబీ మెమరీ చిప్ పెట్టి, కంట్రోలర్ ఫర్మ్‌వేర్‌లో, అంటే దాని లోపలి ప్రోగ్రాంలో, 64 అని రాస్తడు. మిర్యాలగూడ మిల్లు బస్తా మీద అచ్చేసిన కిలోలు చదివి, కాంటా పెట్టకుండ పైసలు కట్టినట్టే. 8 జీబీ దాటినంక ఏం రాసినా కొన్ని కంట్రోలర్లు "రాసిన" అని చెప్పి పారేస్తయ్, కొన్ని మళ్ల మొదటికి తిరిగొచ్చి పాత డేటా మీదనే రాస్తయ్. రెండింట్లో ఏ ఎర్రర్ రాదు. కాపీ అయిపోయింది అనే చూపెడతది.

మామూలు పెన్‌డ్రైవ్‌లో సినిమాలు వేసుకుంటే ఈ దగా తొందరగనే దొరుకుతది, 8 జీబీ దాటినంక వేసిన సినిమా ఆడదు. జేబులో కంప్యూటర్‌గ అమ్మితే మాత్రం శానా రోజులు దొరకదు. అమ్మేటోనికి ఎరుకనో లేదో గని, ఆయనకు ఇంతకంటె మంచి ముసుగు దొరకదు. పప్పీ బూట్ అయ్యేటప్పుడు, అంటే లేచేటప్పుడు, తన ఎస్‌ఎఫ్‌ఎస్ ఫైలును, అంటే సిస్టం మొత్తం నొక్కిపెట్టిన ఫైలును, ర్యామ్ సరిపోతే ర్యామ్‌లోకి ఎత్తుకుంటది. మీరు చేసిన మార్పులు గూడ ముందు ర్యామ్‌లోనే ఉంటయ్. మామూలు సెట్టింగ్‌లో 30 నిమిషాలకు ఒకసారి, మళ్ల షట్‌డౌన్ అప్పుడు, పెన్‌డ్రైవ్ మీదికి దించుతది. అంటే ఆ పూట మీరు ఫైలు ఎన్నిసార్లు తెరిచినా ర్యామ్ నుంచే వస్తది, అక్షరం తప్పు ఉండదు. కంప్యూటర్ బందు పెట్టి మళ్ల వేసినంకనే అసలు రంగు బయటపడేది. అప్పుడు ఎవరైనా ఏమనుకుంటరు? కరెంటు పోయిందేమో, షట్‌డౌన్ సరిగ్గ కాలేదేమో అనుకుంటరు. షాపాయన జవాబు గూడ అదే.

ఇంకో మాయ పార్టిషన్లలో ఉన్నది. మొదట 4 జీబీ ఫ్యాట్32 పార్టిషన్, అందులో సిస్టం లేవనీకె కావాల్సిన బూట్ ఫైళ్లు. మిగిలింది మొత్తం ఒక ఈఎక్స్‌టీ4 పార్టిషన్, అందులో మీరు చేసిన మార్పులు దాచే సేవ్ ఫోల్డర్. ఫ్యాట్32, ఈఎక్స్‌టీ4 రెండు ఫైల్‌సిస్టంలు, అంటే ఫైళ్లు పేర్చే తీర్లు. పద్ధతి కరెక్టే. ఫ్యాట్32లో ఒక ఫైలు 4 జీబీ దాటరాదు, సేవ్ ఫోల్డర్‌కు లినక్స్ ఫైల్‌సిస్టం ఉండాలె. కని బూట్ ఫైళ్లు ఉన్న 4 జీబీ అసలు మెమరీలోనే పడ్డది, అందుకే సిస్టం ప్రతిసారి పొద్దున లేచినట్టు లేస్తది. ఈఎక్స్‌టీ4 మాత్రం ఫైళ్లను వరుసగ మొదటినుంచి పేర్చదు. పార్టిషన్‌ను 128 ఎంబీ గ్రూపులుగ చేసుకొని, ఫోల్డర్లను దూరదూరం గ్రూపుల్లో పంచుతది. అందుకే పెన్‌డ్రైవ్‌లో 1 జీబీ గూడ నిండక ముందే కొన్ని ఫైళ్లు లేని మెమరీలో పడ్డయ్. పేరు, సైజు రాసిన చోటు ఉన్న మెమరీలో పడి, లోపలి రాత లేని మెమరీలో పడితే సున్నాలు. పేరు రాసిన చోటే అవతల పడితే ఫోల్డర్ తెరవంగనే "స్ట్రక్చర్ నీడ్స్ క్లీనింగ్" అని వస్తది. జిరాక్స్ సెంటర్‌లో ఉన్నదానికి ఇదే వచ్చింది. అప్పుడు ఎఫ్‌ఎస్‌సీకే అనే డిస్క్ రిపేరు టూల్ నడిపితే బాగయితదనుకోకుండ్రి, డూప్లికేట్ మీద అది ఉన్న ఫైళ్లను గూడ ఊడ్చేస్తది.

ఆ రెండోదాన్ని షాపాయన చేతికి ఇయ్యలే. ఎఫ్3 అనే టూల్ ఉన్నది, ఫ్లాష్ మోసాల కోసమే చేసింది, ఉబుంటు, డెబియన్ రెపోలలో దొరుకుతది. అందులో ఎఫ్3ప్రోబ్‌ను రూట్‌గ, అంటే అన్ని అధికారాలు ఉన్న యూజర్‌గ, పెన్‌డ్రైవ్‌ను అన్‌మౌంట్ చేసి (పీకకుండనే సిస్టం నుంచి విడదీసి), పార్టిషన్ మీద కాకుండ మొత్తం డివైస్ మీద నడపాలె. డివైస్ పేరు డిస్కుల పట్టిక చూపెట్టే ఎల్‌ఎస్‌బీఎల్‌కే కమాండ్‌లో రెండుసార్లు చూసుకోండ్రి. డిస్ట్రక్టివ్ ఆప్షన్ పెడితే తొందరగ అయితది గని డేటా పోతది, అవసరమైన ఫైళ్లు ఉంటే అది వద్దు. మాకు వచ్చిన జవాబు: నకిలీ, లింబో రకం, పనికొచ్చే సైజు 7.4 జీబీ. లింబో అంటే సైజు దాటినంక రాసింది గాలిలో కలిసేది.

ప్రోబ్ మీద నమ్మకం లేకుంటే ఎఫ్3రైట్, తర్వాత ఎఫ్3రీడ్. మొదటిది పెన్‌డ్రైవ్ నిండేదాక 1 జీబీ ఫైళ్లు రాస్తది, రెండోది చదివి సరిచూస్తది. రెండింటి నడుమ పెన్‌డ్రైవ్ ఒకసారి పీకి మళ్ల పెట్టండ్రి, లేకుంటే కొంత ర్యామ్ నుంచే చదివి బాగున్నదంటది. సెకనుకు 8 ఎంబీ రాసే చవక రకం అయితే 64 జీబీకి రెండు గంటల పైన పడుతది, 20 ఎంబీ రాసేదైతే గంట లోపల. విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ ఇదే పని చేస్తది. పెన్‌డ్రైవ్ మీదికి సిస్టం ఎక్కించే రూఫస్‌లో గూడ బ్యాడ్ బ్లాక్స్ చెక్ చేసే టిక్కు ఉంటది, అది గూడ నకిలీ సైజును పట్టిస్తది. ఏది వాడినా సిస్టం ఎక్కించక ముందే చెయ్యాలె, ఎక్కించినంక కాదు.

యూఎస్‌బీ 3.0 గూడ అబద్ధమే. పెన్‌డ్రైవ్ నోట్లో నీలం ప్లాస్టిక్ పెట్టిండ్రు గని టార్చి కొట్టి చూస్తే ముందు నాలుగు పట్టీలే. అసలు 3.0కు వెనక ఇంకో ఐదు ఉంటయ్, మొత్తం తొమ్మిది. లినక్స్‌లో ఎల్ఎస్‌యూఎస్‌బీ అనే కమాండ్‌కు హైఫన్ టీ పెట్టి చూస్తే 5000ఎం (సెకనుకు 5000 మెగాబిట్ల వేగం) రావాలె, వీటికి 480ఎం వచ్చింది. నీలం పోర్టులో పెట్టి చూడండ్రి, నల్ల పోర్టులో పెడితే మంచి పెన్‌డ్రైవ్‌కు గూడ 480 వస్తది.

లోపలి సిస్టం గూడ కొత్తగ ఎక్కించింది కాదు. ఆయన తన పెన్‌డ్రైవ్‌నే డీడీ అనే కాపీ కమాండ్‌తో అచ్చు గుద్దిండు. రెండింటికి యూయూఐడీ, అంటే దేనికది వేరేగ ఉండాల్సిన గుర్తు నంబర్, ఒక్కటే, రెండు ఒకే కంప్యూటర్‌కు పెడితే ఒకదాని బదులు ఇంకోటి తెరుచుకుంటది. సేవ్ ఫోల్డర్‌లో ఎవరివో వైఫై పాస్‌వర్డ్‌లు, బ్రౌజర్ హిస్టరీ అట్లనే ఉన్నయ్. పప్పీ మామూలుగనే రూట్ యూజర్‌గ నడుస్తది. ముక్కుమొగం తెలియనోడు తయారుచేసిన సేవ్ ఫోల్డర్ మీద రూట్‌గ కూసొని బ్యాంకు లాగిన్ చెయ్యడమంటే ఏందో ఆలోచించుండ్రి. బూట్ మెనూలో పీమీడియా అనే దగ్గర యూఎస్‌బీ ఫ్లాష్ అని ఉండాల్సింది, యూఎస్‌బీ హార్డ్‌డిస్క్ అని పెట్టిండు జిరాక్స్ సెంటర్ దాంట్లో. అట్ల పెడితే 30 నిమిషాల లెక్క పోయి ప్రతి రాత నేరుగ పెన్‌డ్రైవ్ మీదికే పోతది. బ్రౌజర్ నిమిషానికి ఎన్నిసార్లు క్యాషె (తాత్కాలిక ఫైళ్లు) రాస్తదో, చవక చిప్ అంత తొందరగ చస్తది.

మీరే చేసుకుంటే పెద్ద పని లేదు. బిల్లు ఇచ్చే దగ్గర 16 జీబీ మంచిది చాలు, పప్పీకి 64 దేనికి? బుక్‌వార్మ్‌పప్ అనేది డెబియన్ 12 మీద కట్టింది, ఐఎస్‌ఓ, అంటే సిస్టం మొత్తం ఉన్న ఒక్క ఫైలు, దింపుకొని, సరిగ్గ దిగిందా అని దానికి ఇచ్చిన చెక్‌సమ్ అంకె సరిచూసుకొని రూఫస్‌తోనో వెంటాయ్‌తోనో ఎక్కించుండ్రి. మొదటిసారి షట్‌డౌన్ చేసేటప్పుడు సేవ్ ఎక్కడ పెట్టాలె అని అదే అడుగుతది. రాసిన ఫైళ్లు మాత్రం సేవ్ ఫోల్డర్ లోపల ఉంచకుండ్రి, వేరే పార్టిషన్ మీద పెట్టి ఇంకోచోట గూడ కాపీ ఉంచుండ్రి. సేవ్ పాడైందని అనుమానం వస్తే బూట్ లైన్‌లో పీఫిక్స్ ఈక్వల్ టు ర్యామ్ అని ఇస్తే పాత సేవ్ ముట్టకుండ ఉత్త సిస్టం లేస్తది.

స్కూల్ ల్యాబులు, నెట్ సెంటర్లు నడిపేటోళ్లకు పది పెన్‌డ్రైవ్‌లు అంటగట్టనీకె తిరుగుతున్నడట. మీకు పెన్‌డ్రైవ్‌లే అక్కరలేదు. లాన్ వైరు ఉంటే పీఎక్స్ఈ అనే నెట్‌వర్క్ బూట్‌తో ఒక్క కంప్యూటర్ నుంచి అన్నిటిని లేపొచ్చు, వైఫై మీద మాత్రం కాదు.   ఇది వేరే రాయాల్సిన సంగతి, అడిగితే రాస్తా.

ఇప్పటికే ఫార్మాట్ కొట్టించుకున్నోళ్లు ఆ పెన్‌డ్రైవ్ మీద ఇంకేం రాయకుండ్రి. డీడీరెస్క్యూ అనే టూల్‌తో పెన్‌డ్రైవ్ మొత్తం కాపీ (ఇమేజ్) తీసి, ఆ ఇమేజ్ మీద పోయిన ఫైళ్లు వెతికే ఫొటోరెక్ నడపండ్రి. అసలు మెమరీలో పడ్డవి కొన్ని వస్తయ్, 7.4 జీబీ అవతల పడ్డవి ఎవరి తరం కాదు, "రికవరీ చేస్త, 3000 అయితది" అనేటోని దగ్గరికి గూడ పోకుండ్రి.

బిల్లు అడిగితే చిత్తుకాగితం మీద రాసిచ్చి, "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని ముద్ర కొట్టిండు. 2019 వినియోగదారుల చట్టంలో బిల్లు ఇయ్యకపోవుడు, పాడైన సరుకు వాపసు తీసుకోకపోవుడు రెండు అనుచిత వ్యాపార పద్ధతి కిందనే వస్తయ్. వాపసుకు గడువు బిల్లులో రాయకుంటే 30 రోజులు. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చెయ్యుండ్రి, కదలకుంటే జిల్లా వినియోగదారుల కమిషన్, 5 లక్షల లోపు ఫిర్యాదుకు ఫీజు లేదు. ఎఫ్3 తెరను, పోస్టరును, ఫోన్‌పే రసీదును స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండ్రి. పెన్‌డ్రైవ్ మాత్రం మళ్ల ఆయన చేతికి ఇయ్యకుండ్రి.