స్కూల్ నోట్‌బుక్స్ బల్క్‌లో చేపిస్తే ఏ కవర్ ప్రింటింగ్ ఏడాది నిలుస్తాది: అనంతపురం నుంచి నా సమీక్ష

నోట్‌బుక్ కవర్ బాగుందా లేదా అనేది జూన్‌లో కాదు, ఫిబ్రవరిలో చూసి చెప్పాల. జూన్ 12న స్కూల్ తెరిచి బండిల్స్ విప్పినప్పుడు అన్నీ తళతళలాడతానే ఉంటాయి, అప్పుడు ఏది చూసినా నచ్చుతాది. నేను అనంతపురంలో ఒక ప్రైవేట్ స్కూల్ ఆఫీసులో కొనుగోళ్లు చూస్తా. పిల్లల నోట్‌బుక్స్, టీచర్ల డైరీలు, యాన్యువల్ డేకి వచ్చే గెస్టులకి ఇచ్చే గట్టి అట్ట పుస్తకాలు అన్నీ నా చేతి మీదుగానే పోతాయి. ఆఫ్‌సెట్, డిజిటల్, స్క్రీన్, ఫాయిల్, డీబాస్, యూవీ అన్నీ ఏదో ఒక లాట్‌లో చేపించినాం. వాడేసిన పుస్తకాలు కొన్ని ఇన్‌స్పెక్షన్ కోసం దాచిపెట్టడం మా దగ్గర అలవాటు కాబట్టి, ఏ కవర్ ఏడాదికి ఏ గతి పట్టిందో వరసగా పేర్చి చూసే అవకాశం నాకు దొరికింది.

పిల్లల పుస్తకాలకి, వెయ్యి కాపీలు దాటితే, ఆఫ్‌సెట్, అంటే రంగుకో ప్లేటు చేపించి మెషిన్ మీద కొట్టేది, అది తప్ప ఇంకో ఆలోచనే వద్దు. నాలుగు రంగులకి నాలుగు ప్లేట్లు, ఆ ప్లేట్ల ఖర్చూ మెషిన్ సెట్టింగ్ ఖర్చూ వంద కొట్టినా అంతే, ఐదు వేలు కొట్టినా అంతే, అందుకే కాపీలు పెరిగేకొద్దీ ఒక్కో పుస్తకానికి పడేది తగ్గిపోతాది. సబ్జెక్టుకో డిజైన్ కావాలన్నా భయపడొద్దు, ఒకే పెద్ద షీటు మీద నాలుగు కవర్లు పక్కపక్కన పెట్టి కొట్టిస్తే ప్లేట్ల సెట్టు ఒక్కటే అవుతాది, కాకపోతే నాలుగూ సమానంగా వస్తాయి, లెక్కలకి ఎక్కువ హిందీకి తక్కువ అంటే కుదరదు.

మేము ఒక ఏడు నిమ్మలకుంట తోలుబొమ్మల బొమ్మ కవర్ మీద వేపించినాం. ఆ బొమ్మల మీద సన్న సన్న చిల్లులు వరసగా ఉంటాయి కదా, నగలంతా ఆ చిల్లులతోనే కనపడతాది, ఆఫ్‌సెట్‌లో అవి ఒక్కటి కూడా చెదరకుండా దిగినాయి, చూస్తే ముచ్చటేసింది. రంగు దగ్గర మాత్రం కొంచెం దెబ్బ. కంప్యూటర్‌లో మండిపోతాన్న ఆ ఎరుపు, నారింజ కాగితం మీదికి వచ్చేసరికి చల్లారిపోయినాయి. ఇది ప్రెస్ వాళ్ల తప్పు కాదు, స్క్రీన్ ఆర్జీబీలో, అంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగుతో చూపిస్తాది, మెషిన్ సీఎంవైకే, అంటే నీలి, గులాబీ, పసుపు, నలుపు ఇంకులతో కొడతాది, ఆ మెరుపు ఇంకులో రాదు. ఫైల్‌ని ముందే సీఎంవైకేలోకి మార్చి చూసుకుంటే మనసుకి ముందే సర్ది చెప్పుకోవచ్చు. స్కూల్ లోగో రంగు ప్రతి ఏడూ అచ్చంగా ఒకేలా రావాలంటే దానికి వేరేగా ప్యాంటోన్, అంటే నంబర్ ప్రకారం ముందే కలిపిన రంగు ఇంకుతో ఐదో ప్లేటు పెట్టించాల, అది ఖర్చే, మాకు అంత పట్టింపు లేదు.

ఇప్పుడు అసలు సంగతి, లామినేషన్, అంటే కవర్ మీద అతికించే పల్చటి ప్లాస్టిక్ ఫిల్మ్. నన్నడిగితే ప్రింట్ కంటే దీని మీదే ఎక్కువ బుర్ర పెట్టాల. శాంపిల్ చూపించేటప్పుడు అందరూ మెరుపు లేని మ్యాటే చూపిస్తారు, చేతికి మెత్తగా తగుల్తాది, ఫోటోలో కూడా ఖరీదుగా కనపడతాది. మా దగ్గర ముదురు నీలం మ్యాట్ కవర్ హైస్కూల్ పిల్లలకి పోయింది. దసరా సెలవులకల్లా మూలలు నిగనిగలాడబట్టినాయి, జామెట్రీ బాక్స్ గీసుకున్నచోటల్లా తెల్లగీతలు, ఇంక పొద్దున్నే ఉగ్గాని బజ్జీ తిన్న చేతుల్తో పట్టుకున్న వేలిముద్రలు దిగి అట్లే నిలిచిపోయినాయి, తుడిస్తే ఇంకా పెద్ద మరక. అదే డిజైన్ ప్రైమరీ పిల్లలకి మెరిసే గ్లాసీలో ఇచ్చింటిమి. వాళ్లు ఇంకా మోటుగా వాడతారు, వాటర్ బాటిల్ కారి పుస్తకాలు తడిసినాయి, అయినా తడిగుడ్డతో తుడిస్తే పోయినాయి. మ్యాటే కావాలి అనుకుంటే లేత రంగులు పెట్టుకోండి, గీతలు పడినా కంటికి ఆనవు. ముదురు రంగు, మ్యాట్ రెండూ కావాలంటే గీతలు తట్టుకునే యాంటీ స్కఫ్ ఫిల్మ్ అని అడిగి వేపించాల, మామూలు మ్యాట్ కంటే రేటు ఎక్కువే.

గ్లాసీ అయినా మ్యాట్ అయినా ఒక చిక్కు ఉంది. ఫిల్మ్ బయటి వైపే ఉంటాది, లోపలి వైపు ఉత్త అట్ట. గాల్లో తేమ పెరిగితే అట్ట తేమ పీల్చి సాగుతాది, ఫిల్మ్ సాగదు, అప్పుడు కవర్ పైకి లేస్తాది. అనంతపురంలో వాన ఎంత, అది కూడా సెప్టెంబర్ అక్టోబర్‌లోనే కదా అనుకుంటాం గానీ ఆ మాత్రం ముసురుకే పల్చటి కవర్లన్నీ లేచి నిలబడినాయి. 300 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకి 300 గ్రాముల బరువుండే ఆర్ట్ కార్డ్ అనే నున్నటి అట్టతో ఈ బాధ చానా తగ్గింది. ఇంకోటి గ్రెయిన్. అట్టకి గ్రెయిన్ అని, లోపలి నారలు పోయే ఒక దిక్కు ఉంటాది, అది పుస్తకం మడతకి సమాంతరంగా పోవాల, అడ్డంగా పోతే వీపు దగ్గర ఇంకు పగిలి తెల్లగీత తేలుతాది. శాంపిల్ అట్ట తీసుకుని నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి వంచితే ఏ వైపు సులువుగా వంగుతాదో తెలిసిపోతాది, ఆ వైపే మడత. క్రీజింగ్, అంటే మడత పడే చోట గాడి కొట్టిన తర్వాతే సెంటర్ పిన్ వెయ్యమని కూడా ఆర్డర్ కాగితంలోనే రాపించండి.

చాలామంది మర్చిపోయేది పేరు రాసుకునే డబ్బా. కవర్ మీద పేరు, తరగతి, సెక్షన్ అని నీటుగా గళ్లు గీసి పైన గ్లాసీ ఫిల్మ్ వేస్తారు. దాని మీద బాల్ పెన్ పడదు, జెల్ పెన్‌తో రాస్తే చొక్కాకి అంటుకుంటాది. మొదటి వారంలో టీచర్లు నా ఆఫీసుకి వచ్చి ఏకరువు పెట్టేది ఇదొక్కటే. ఇప్పుడు ఆ డబ్బాని కవర్ లోపలి వైపుకి మార్చినాం, అక్కడ ఫిల్మ్ ఉండదు కాబట్టి ఏ పెన్నైనా రాస్తాది. బయట కావాలంటే మామూలు కాగితం స్టిక్కరే దిక్కు. ఇంత చేపించినాక కూడా కొందరు టీచర్లు బ్రౌన్ పేపర్ అట్ట వేసుకుని రమ్మంటారు, దానికి నా దగ్గర మందు లేదు.

డిజిటల్ ప్రింట్ ఎప్పుడు పనికొస్తాదంటే, జులైలో కొత్త అడ్మిషన్లు వచ్చి ఇంకో వందో నూట యాభయ్యో తక్కువ పడినప్పుడు. ప్లేట్లు అక్కర్లేదు, ఒకటి రెండు రోజుల్లో చేతికి వస్తాయి. కానీ ఆఫ్‌సెట్‌లో కొట్టిన నీలానికీ దీని నీలానికీ పొంతన ఉండదు, పక్కపక్కన పెడితే చిన్న పిల్లోడైనా కనిపెడతాడు. దీంట్లో వాడే టోనర్ అనే పొడి రంగు కాగితం లోపలికి ఇంకదు, పైనే పేరుకుంటాది, అందుకని మడత దగ్గర త్వరగా పగుల్తాది. కొన్ని మెషిన్లలో ఆ టోనర్ మీద సన్నటి ఆయిల్ పొర మిగులుతాది, మామూలు ఫిల్మ్ దానికి సరిగ్గా పట్టుకోక అంచుల్లో లేస్తాది. డిజిటల్‌కి అని వేరే గట్టి గమ్ము ఫిల్మ్ దొరుకుతాది, అది వేస్తేనే తీసుకోండి.

గెస్టుల పుస్తకాలు, స్టాఫ్ డైరీలకి వస్తే అందరి కన్ను ముందు ఫాయిల్ మీదే పడతాది, బంగారు అక్షరాలు అంటే మన వాళ్లకి మోజు. ఫాయిల్‌కి లోహపు బ్లాక్ చేపించి, వేడి చేసి, రేకు పెట్టి ఒత్తుతారు. ఇంగ్లిష్ పెద్ద అక్షరాలకి ఇది చక్కగా కుదురుతాది, తెలుగుకి వచ్చేసరికి ఇబ్బంది. మా స్కూల్ పేరులో పాఠశాల అనే మాట ఉంది. ఠ లోపల చుక్క ఉంటాది కదా, చిన్న సైజులో బ్లాక్ చేస్తే ఆ చుక్కకీ చుట్టూ గీతకీ మధ్య ఖాళీ ఏ మాత్రం ఉండదు, వేడికి రేకు ఆ సందులో కూడా అంటుకుని ఠ మొత్తం బంగారు బిళ్ల అయిపోతాది. వేడి తగ్గించి ఒత్తితే చుక్క అసలు పడకుండా పోతాది, అప్పుడది పారశాల. పాతూరులో మాకు పని చేసే ప్రెస్సాయన ట్రయల్ కొట్టి చూపించి, "అన్నా, ఈ సైజులో చుక్క నిలబడదు, అక్షరం పెద్దది చెయ్, లేదంటే లావు తక్కువ ఫాంట్ ఇయ్యి" అన్నాడు. అట్లే చేసినాం, బాగా వచ్చింది. థ ఉన్నా, కింద వత్తులున్నా ఇదే కథ. ఇంక వాడకంలో చూస్తే, రోజూ చేత్తో పట్టుకునే చోట ఫాయిల్ ఏడాదికి అరుగుతాది, అల్మరాలో ఉంటే అట్లే మెరుస్తాంటాది. గెస్టుకి ఇచ్చే పుస్తకానికి ఫాయిల్ ఓకే, రోజూ బ్యాగులో తిరిగే డైరీకి వద్దు.

నాకు అన్నిటికంటే నచ్చింది డీబాస్, అదీ థర్మో పీయూ అనే తోలు మాదిరి మెటీరియల్ మీద. ఇంకు లేదు, రేకు లేదు, వేడి బ్లాక్ ఒత్తితే ఆ మెటీరియలే అక్కడ లోపలికి దిగి ముదురు రంగుకి మారుతాది. అరిగిపోడానికి అక్కడ పైపూత ఏమీ లేదు. మొదటి లాట్‌లోని డైరీ మా హెడ్‌మాస్టర్ ఇంకా వాడతాండారు, అంచులు నలిగినాయి గానీ స్కూల్ పేరు మాత్రం కొత్తదాని మాదిరే ఉంది. ఇది గట్టి అట్ట, అంటే కేస్ బైండింగ్ పుస్తకానికే. మామూలు ఆర్ట్ కార్డ్ కవర్ మీద ఎంబాస్ చేపిస్తే ఆ ఉబ్బు వెనక వైపు గుంటగా కనపడతాది, పైగా పుస్తకాలు దొంతర పెట్టినప్పుడు బరువుకి అణిగిపోతాది, డబ్బులు దండగ.

యూవీ ప్రింట్, అంటే ఇంకుని యూవీ లైటుతో అప్పటికప్పుడే ఆరబెట్టేది, దాని గురించి క్లుప్తంగా. బెంగళూరు నుంచి వచ్చిన ఒక వెండర్ పీయూ డైరీ మీద ఫోర్ కలర్ లోగో కొట్టి చూపించి "కార్ పెయింట్ మాదిరి పట్టుకుంటాది సార్" అన్నాడు. బ్లాక్ ఖర్చు లేదు, ఒక్కో డైరీ మీద ఒక్కో టీచర్ పేరు వెయ్యొచ్చు, అంతవరకు నిజమే. కానీ ఇంకు పట్టుకోడానికి ముందు వేసే ప్రైమర్ పూత లేకుండా కొట్టినట్టున్నారు, మూడో నెలకే గోరుతో గీరితే పెచ్చులు లేచినాయి, వంగే చోట పగిలినాయి. పేర్లు వెయ్యాలంటే లేజర్‌తో చెక్కించడం మేలు. స్క్రీన్ ప్రింటింగ్, అంటే సన్న జాలీలోంచి ఇంకు దిగేట్టు రుద్దేది, అది మాత్రం క్రాఫ్ట్ అనే బ్రౌన్ అట్ట కవర్‌కి, గుడ్డ కవర్‌కి ఇప్పటికీ సరైన పనే, ముఖ్యంగా తెల్ల ఇంకు. బ్రౌన్ అట్ట మీద తెలుపు అంత దట్టంగా మామూలు ఆఫ్‌సెట్‌లో రాదు. ఒకటి రెండు రంగులు, లావు గీతలు వరకే. ఆ తోలుబొమ్మని దీంట్లో ట్రై చేస్తే చిల్లులన్నీ ఇంకుతో పూడిపోయినాయి.

ఫైల్ ఇచ్చేటప్పుడు తెలుగు అక్షరాలన్నీ కర్వ్స్‌లోకి, అంటే ఫాంట్ అక్కర్లేని గీతల బొమ్మలుగా మార్చి ఇవ్వండి. మన డీటీపీ వాళ్లు అను ఫాంట్స్‌లో చేస్తారు, మనం ఫోన్‌లో యూనికోడ్‌లో పంపుతాం, ప్రెస్‌లో పాత కోరల్‌డ్రా సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే వత్తులు ఊడి పక్కన పడతాయి. చుట్టూ 3 ఎంఎం బ్లీడ్ వదలండి, అంటే డిజైన్ కటింగ్ గీత దాటి అంత మేర బయటికి ఉండాల.

రేటు విషయం. 2025 సెప్టెంబర్ 22 నుంచి నోట్‌బుక్స్ మీద జీఎస్టీ 12 శాతం నుంచి సున్నా అయింది, డైరీలకి మాత్రం 18 అట్లే ఉంది, కాబట్టి కొటేషన్‌లో రెండూ విడివిడిగా రాపించుకోండి. సున్నా అయింది కదా 12 శాతం పూర్తిగా తగ్గించమంటే ప్రెస్ వాళ్లు ఒప్పుకోరు, దాంట్లో న్యాయం ఉంది. పన్ను లేని సరుకుకి వాళ్లకి ఇన్‌పుట్ క్రెడిట్, అంటే ముడిసరుకు మీద కట్టిన పన్నుకి మినహాయింపు రాదు, కవర్ ఆర్ట్ కార్డ్, ఫిల్మ్, ఇంకు మీద వాళ్లు కట్టిన పన్ను ఖర్చులోనే కలిసిపోతాది.

ఇంక టైమ్. ఏప్రిల్, మే వస్తే ప్రతి ప్రెస్సూ స్కూల్ పనులతో నిండిపోయి ఉంటాది, ఆ తొందరలో ఇంకు పూర్తిగా ఆరకముందే ఫిల్మ్ వేసేస్తారు. డెలివరీ రోజు ఏమీ కనపడదు, వారం పది రోజులకి ముదురు రంగుల మీద బుడగలు, వెండిపొడి చల్లినట్టు మచ్చలు తేలతాయి, అప్పటికి బిల్లు కట్టేసింటాం. మేము ఇప్పుడు కవర్లు మటుకు మార్చిలోనే కొట్టించి, ఆరనిచ్చి, లామినేషన్ చేపించి పక్కన పెట్టిస్తాం, లోపలి పేజీల రూలింగు, పిన్నింగు మేలో చేసుకున్నా ఏం కాదు. బైండింగ్‌లో కొన్ని పాడవుతాయి కాబట్టి కవర్లు నూటికి నాలుగైదు ఎక్కువే కొట్టమని చెప్పండి, మిగిలితే జులై అడ్మిషన్లకి అవే పనికొస్తాయి, డిజిటల్ జోలికి పోయే పని ఉండదు.