ఇంటికి పాత కుర్చీ: పడక్కుర్చీ, ఇరానీ కేఫ్ కుర్చీ, ఆఫీసు టేకు కుర్చీ – ఏది మేలు?

పాత కుర్చీ బేరమాడేవాళ్ళు మొదట అడిగే మాట ‘ఇది ఎన్నేళ్ళనాటిది?’ అని. వయసు ముఖ్యమే. కానీ ఇంట్లో వాడుకోవడానికి కొనేవాళ్ళు అంతకంటే ముందు తేల్చుకోవాల్సినవి రెండున్నాయి. రోజూ అందులో కూర్చుని లేచేది ఎవరు? అల్లిక తెగితే మళ్ళీ అల్లిపెట్టే మనిషి దొరుకుతాడా? ఈ రెండూ తెలిస్తే ఏది కొనాలో సగం తేలిపోయినట్టే.

మన దగ్గర పాత సామాను దుకాణాల్లో ఎక్కువగా కనబడేవి మూడు రకాలు. పడక్కుర్చీ ఒకటి. ఇరానీ కేఫుల్లో చూసే బెంట్‌వుడ్ (వంచిన చెక్క) కుర్చీ ఇంకొకటి. కోర్టుల్లో, కలెక్టరాఫీసుల్లో, రైల్వే స్టేషన్లలో వాడిన చేతుల టేకు కుర్చీ మూడోది. నగిషీ చెక్కిన రోజ్‌వుడ్ కుర్చీలూ ఉంటాయి గానీ ఆ పువ్వులూ లతలూ వీపుకి గుచ్చుకుంటుంటే అరగంట కూర్చోవడం కష్టం. హాల్లో అలంకారానికైతే సరే, కూర్చోడానికి వద్దు.

పడక్కుర్చీ

ఇందులో మళ్ళీ రెండున్నాయి. మడతపెట్టి గోడకు ఆనించే గుడ్డ పడక్కుర్చీ తెలియని ఇల్లు మనలో తక్కువ. గుడ్డ రెండు చివర్లా కుట్టిన అంచులోంచి కర్ర దూర్చి చట్రానికి ఇరికిస్తారు. వెనక గంట్లు ఉంటాయి, ఏ గంటులో పెడితే అంత వాలు. గుడ్డ చిరిగితే గట్టి కాన్వాసు కొని టైలరు చేత రెండు కుట్లు వేయించుకుంటే చాలు, పదేళ్ళకు ఢోకా లేదు. ఇంత తేలిగ్గా బాగుచేసుకోగల పాత కుర్చీ మరొకటి లేదు. చిన్నపిల్లలున్న ఇంట్లో మాత్రం జాగ్రత్త. మడత మధ్య వేళ్ళు నలుగుతాయి, ఆడుకుంటూ కర్ర లాగేస్తే కూర్చున్నవాళ్ళ నడుం విరుగుతుంది.

రెండోది పొడుగు చేతుల పడక్కుర్చీ. తెల్లవాళ్ళ కాలంలో తోటల బంగళాల వరండాల్లో ఉండేది, ఇప్పుడు ప్లాంటర్స్ చైర్ పేరుతో అమ్ముతున్నారు. చేతుల కింద ఇంకో పలక దాగి ఉంటుంది. దాన్ని ముందుకి తిప్పితే కాళ్ళు చాపి ఆనించుకోవచ్చు. పేము అల్లిక కావడం వల్ల వీపుకి గాలి తగులుతుంది, చెమట పట్టదు. మే నెల మధ్యాహ్నం ఒక కునుకు తీయడానికి దీన్ని మించింది నాకు తెలియదు.

కానీ చోటు కావాలి. కాళ్ళు చాపే పలకలతో కలిపితే ఐదారడుగుల పొడవు ఆక్రమిస్తుంది. రెండు బెడ్‌రూముల ఫ్లాటు బాల్కనీలో వేస్తే ఇక బట్టలు ఆరేసుకోవడానికి పక్కనుంచి కూడా దూరలేం. ఇంకా పెద్ద ఇబ్బంది మోకాళ్ళ నొప్పులవాళ్ళది. వెనక భాగం బాగా కిందికి దిగి ఉంటుంది కాబట్టి అందులోంచి లేవాలంటే ఒళ్ళంతా ముందుకి ఊపి లేవాలి. ‘తాతగారికి బాగుంటుంది’ అని డెబ్బై ఏళ్ళవాళ్ళకు దీన్ని కొనిపెట్టేవాళ్ళను చూస్తే నాకు బాధగా ఉంటుంది. ఆ తాతగారు నలభై ఏళ్ళప్పుడు అందులో హాయిగా కూర్చుని ఉంటారు, ఇప్పుడు కాదు.

ఇరానీ కేఫ్ కుర్చీ

దీని పుట్టుక వియన్నాలో. మైకేల్ థోనెట్ అనే జర్మన్ వడ్రంగి బీచ్ చెక్క కడ్డీలను ఆవిరిలో మెత్తబరిచి, అచ్చుల్లో బిగించి వంచే పద్ధతిని పెద్ద ఎత్తున అమల్లో పెట్టాడు. 1859లో ఆయన తెచ్చిన 14వ నంబరు కుర్చీకి ఆరు చెక్క ముక్కలు, పది స్క్రూలు, రెండు నట్లు చాలు. విడదీసి సర్దితే ఒక ఘనమీటరు పెట్టెలో 36 కుర్చీలు పట్టేవి. అంత తక్కువ చోటులో ఓడెక్కేది కాబట్టే దేశాలు దాటి వచ్చేసింది. 1869లో ఆయన పేటెంటు గడువు తీరాక వేరే కంపెనీలూ ఇదే పద్ధతిలో చేయడం మొదలుపెట్టాయి. బొంబాయిలోనూ హైదరాబాదులోనూ ఇరానీ హోటళ్ళవాళ్ళు పాలరాయి బల్లల చుట్టూ వేసినవి ఈ జాతి కుర్చీలే.

సీటు చట్రం లోపలి వైపు ముద్ర గానీ కాగితం చీటీ గానీ ఉంటే అదృష్టం. ‘మేడ్ ఇన్ చెకోస్లొవేకియా’ అని ఉందంటే 1918కి ముందుది అయ్యే అవకాశమే లేదు. ఆ దేశం ఏర్పడింది ఆ ఏడాదే. ‘నూట ఇరవై ఏళ్ళ కుర్చీ సార్’ అనే దుకాణదారుకి ఆ ముద్ర చూపిస్తే బేరం మన దారికి వస్తుంది.

తేలిక దీని గొప్ప గుణం. నాలుగు కిలోలకు అటూ ఇటూగా ఉంటుంది, ఒంటి చేత్తో పట్టుకుపోవచ్చు. భోజనాల బల్లకు ఇదే నా మొదటి ఎంపిక. చేతులు లేవు కాబట్టి బల్ల కిందికి పూర్తిగా దూరిపోతుంది, చిన్న వంటింట్లోనూ నలుగురు కూర్చోవచ్చు. ఊగుతుంటే వడ్రంగి అక్కర్లేదు, సీటు కింది స్క్రూలు బిగిస్తే సరిపోతుంది. పేము సీటు కంటే నొక్కి అచ్చు వేసిన ప్లైవుడ్ సీటు ఉన్నది దొరికితే అది తీసుకోండి, రోజువారీ వాడకానికి అదే మన్నుతుంది.

లోపం చెక్కలోనే ఉంది. బీచ్ మన వాతావరణానికి పుట్టిన చెట్టు కాదు. టేకులో ఉండే నూనె దీనికి లేదు, పుచ్చు పురుగు ఇట్టే పడుతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్ళలో స్క్రూలు కూడా తుప్పుపట్టి చెక్కను తినేస్తాయి. కుర్చీని నేల మీద రెండుసార్లు తట్టి చూడండి. సన్నటి పిండిలా పొడి రాలితే పురుగు ఇంకా లోపల బతికే ఉండొచ్చు. అలాంటిదాన్ని ఎంత తక్కువకి ఇచ్చినా తేవద్దు, ఇంట్లో ఉన్న మిగతా చెక్క సామానుకీ పాకుతుంది.

ఆఫీసు టేకు కుర్చీ

చూడ్డానికి ఇది సాదాగా ఉంటుంది. నాలుగు కాళ్ళు, వెడల్పాటి చేతులు, పేము అల్లిన సీటూ వీపూ. గుమాస్తా రోజంతా కూర్చుని రాసుకోవడానికి చేసింది కాబట్టి ఎత్తు సరిగ్గా ఉంటుంది. సీటు నేల నుంచి పదిహేడు, పద్దెనిమిది అంగుళాలు. చేతుల మీద బరువు మోపి లేవచ్చు. ఇంట్లో పెద్దవాళ్ళకి కావలసింది ఇదే. చదువుకునే పిల్లలకూ, ఇంటి నుంచి పనిచేసేవాళ్ళకూ పనికొస్తుంది.

దీని పనితనం చూడాలంటే తలకిందులుగా తిప్పాలి. కాలూ చట్రమూ కలిసే చోట మేకులు కనబడవు. ఒక చెక్క కొనను రెండో చెక్క రంధ్రంలో దూర్చే కుసి, బెజ్జం అతుకు వేసి, దానికి అడ్డంగా వెదురు మేకు దిగ్గొట్టి ఉంటుంది. ఆ మేకు తల వేలితో తడిమితే కొంచెం పైకి తగులుతుంది. చుట్టూ టేకు ఎండి ఏళ్ళ తరబడి కుంచించుకుపోయినా మేకు అంతే నిలిచినందువల్ల అలా తేలుతుంది. పాలిష్ లేని అడుగున చిత్రిక పట్టిన గాడులు ఎగుడుదిగుడుగా చేతికి తెలుస్తాయి. మిషను కోతకు అలా ఉండదు. చేవ చెక్క (మాను లోపలి గట్టి భాగం) అయితే అడుగున కూడా ముదురు తేనె రంగే ఉంటుంది. పైన నలుపు, అడుగున తెలుపు కనిపిస్తే రంగు పూసిన నాసిరకం చెక్క.

స్క్రూలు చూడండి. ప్లస్ గాడి స్క్రూలు 1930ల తర్వాతే వచ్చాయి. అవి ఉంటే ఆ తర్వాత చేసినదై ఉండాలి, లేదా ఆ తర్వాత మరమ్మతు అయి ఉండాలి. మరమ్మతు అయినందుకు తోసిపుచ్చనక్కర్లేదు, ధర మాత్రం తగ్గించమనండి. పాలిష్ సంగతి తేల్చడానికి ఒక మూల స్పిరిట్ అద్దిన దూదితో రుద్దితే చాలు. దూదికి గోధుమరంగు అంటుకుని చెక్క జిగటగా అయితే అది పాత లక్క పాలిష్. ఏమీ కాకపోతే ఈ మధ్య కొట్టిన మెలమైన్ లాంటి రసాయన పాలిష్ కావచ్చు.

ఈ జాతిలోనే పేరుమోసినవి చండీగఢ్ కుర్చీలు. 1950లలో ఆ నగరం కడుతున్నప్పుడు, దాని ప్లాను గీసిన ఆర్కిటెక్టు లె కార్బూజియెకు బంధువైన పియెర్ జానెరే ప్రభుత్వ కార్యాలయాల కోసం టేకుతో, పేముతో చేయించాడు. విరిగాయని ఆఫీసులవాళ్ళు మూలన పడేసి వేలంలో వదిలించుకున్నవి తర్వాత విదేశీ వేలాల్లో లక్షలు పలికాయి. 2011లో కేంద్రం వాటి అమ్మకాన్నీ ఎగుమతినీ ఆపమని ఆదేశించింది. ఇప్పుడు వీపు వెనక తెల్ల పెయింటు నంబర్లతో సహా నకళ్ళు తయారవుతున్నాయి. కొత్తదని చెప్పి నకలు అమ్మితే తప్పులేదు, కొనొచ్చు. అసలుదని చెబితే నమ్మి డబ్బు పోయొద్దు. మామూలు పీడబ్ల్యూడీ (ప్రభుత్వ పనుల శాఖ) కుర్చీ కూర్చోడానికి అంతే బాగుంటుంది.

ప్రభుత్వ ఆఫీసు అక్షరాలు చెక్కి ఉన్న కుర్చీ కొంటుంటే, పనికిరాదని తేల్చి (కండెమ్ చేసి) వేలంలో అమ్మిన రశీదు ఉందా అని అడగండి. దాని నకలు తీసుకుని దాచుకోండి.

అల్లిక మాటేమిటి?

కుర్చీ ఎంచుకోవడంలో జనం తక్కువ పట్టించుకునేది, నాకు ఎక్కువ పట్టింపు ఉన్నది ఇదే. చేత్తో అల్లిన సీటుకి చట్రం చుట్టూ వరసగా రంధ్రాలు ఉంటాయి. నిలువు రెండుసార్లు, అడ్డం రెండుసార్లు, ఐమూలగా రెండుసార్లు, నానబెట్టిన పేము పట్టీని ఆ రంధ్రాల్లోంచి లాగి అల్లుతారు. రంధ్రాల బదులు చుట్టూ గాడి ఉంటే అది మిషను మీద నేసిన షీటు, జిగురుతో నొక్కింది. రెండోది చవక. కానీ ఒకచోట ఊడితే మొత్తం మార్చాలి.

ఒకప్పుడు అంధుల శిక్షణ కేంద్రాల్లో కుర్చీల అల్లిక ఒక వృత్తిగా నేర్పేవారు. ఆఫీసు కుర్చీల అల్లిక పని వాళ్ళ చేతులకు దొరికేది. తర్వాత పేము పోయి ప్లాస్టిక్ వైరు వచ్చింది, దాని వెనకే ప్లాస్టిక్ కుర్చీ వచ్చింది. ఆ చేతులకు పని తగ్గిపోయింది. అందుకే చిరిగిన సీటుతో ఉన్న మంచి టేకు కుర్చీ దొరికితే ప్లైవుడ్ పలక కొట్టించకండి. అల్లేవాళ్ళను వెతికించి, అడిగిన కూలి ఇచ్చి పేమే వేయించండి. వేసవిలో ఆ తేడా ఒంటికి తెలుస్తుంది.

ఏసీ గదుల్లో పేము ఎండి పెళుసెక్కుతుంది. సీటు జారినట్టు కనిపిస్తే అడుగు వైపు తడిగుడ్డతో అద్ది రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి బిగుస్తుంది. అల్లిక మీద మోకాలు పెట్టడం, ఎక్కి నిలబడి ఫ్యాను తుడవడం మాన్పించండి. పాత పేము కుర్చీ ఏదైనా ఇంట్లోకి తెచ్చేముందు రంధ్రాల్లో నల్లులున్నాయేమో లైటు వేసి చూడండి. తిండి లేకుండా నెలల తరబడి బతికే పురుగు అది. అనుమానముంటే పురుగుమందు కొట్టేవాళ్ళకు చూపించాకే గడప దాటించండి.

నా లెక్క

ఒక్క కుర్చీయే కొనగలిగితే ఆఫీసు టేకు కుర్చీ. పెద్దవాళ్ళున్న ఇంటికి మరో మాట లేదు. భోజనాల బల్లకి నాలుగు కావాలంటే బెంట్‌వుడ్. వరండా ఉండి, ఇంట్లో అందరి మోకాళ్ళూ బాగుంటే పడక్కుర్చీ. హైదరాబాదులో జుమ్మేరాత్ బజారులో ఓపికగా తిరిగితే మంచివి దొరుకుతాయి. తమిళనాడు వెళ్ళేవాళ్ళు కారైక్కుడిలో చెట్టియార్ల ఇళ్ళ సామాను అమ్మే వీధి చూసి రావచ్చు.

విదేశాల్లో ఉన్నవాళ్ళకి ఈ లెక్క మారుతుంది. ఊళ్ళో ఉన్న తాతల కుర్చీని డల్లాస్‌కో మెల్‌బోర్న్‌కో తెప్పించుకోవాలనే కోరిక సహజం. అయితే 1972 నాటి పురావస్తువుల చట్టం కింద నూరేళ్ళు దాటిన కళాఖండాలనూ చారిత్రక వస్తువులనూ వ్యక్తులు ఎగుమతి చేయకూడదు. అంత పాతది కాదని పురావస్తు శాఖ నుంచి ధ్రువపత్రం తీసుకోవడం క్షేమం. రోజ్‌వుడ్ అయితే ఇంకో మెలిక ఉంది. 2017 నుంచి ఆ జాతి కలప అంతర్జాతీయ వ్యాపారం మీద నియంత్రణ ఉంది, పంపేముందు షిప్పింగ్ వాళ్ళతో రాతపూర్వకంగా తేల్చుకోండి. చలికాలంలో హీటర్ వేసే ఇళ్ళలో గాలి పొడిబారి అతుకులు వదులవుతాయి, పేము చిట్లుతుంది. కుర్చీ హీటరు దగ్గర పెట్టకూడదు, గదిలో కాస్త తేమ ఉండేట్టు చూసుకోవాలి. ఇన్ని తంటాలు వద్దనుకుంటే బెంట్‌వుడ్ కుర్చీని అక్కడి పాత సామాను దుకాణాల్లోనే కొనుక్కోండి. యూరప్‌లో, అమెరికాలో అవి బాగానే దొరుకుతాయి.