కాలిఫోర్నియా ఓటరు గైడు, 2024 నవంబరు: 5కి 4 స్టార్లు

ఉచితంగా ఇంటికొచ్చే పుస్తకానికి రివ్యూ ఏంటండీ అని మా ఆవిడ నవ్వింది. దోసె మెత్తబడిందని పేజీన్నర రాసినప్పుడు మాత్రం నవ్వలేదు.

నేను ఫ్రీమాంట్‌లో ఉంటాను. ఓటరుగా ఏ పార్టీ కిందా నమోదు చేసుకోలేదు. పన్నుల దగ్గర ఒకవైపు, స్కూళ్ల దగ్గర ఇంకోవైపు మొగ్గుతాను. ఫ్రెండ్స్ గోడ మీద పిల్లి అంటారు. ఈ గైడు అవసరం ఎక్కువగా ఉండేది అలాంటి పిల్లులకే. ఎటు వేయాలో ముందే తేలిపోయినవాళ్లు దీన్ని తెరవరు కూడా.

న్యూస్‌పేపర్ లాంటి పలుచటి కాగితం. ఓటర్లే నేరుగా యెస్ లేదా నో చెప్పాల్సిన ప్రతిపాదనలు ఈసారి రాష్ట్రమంతటికీ 10. ఒక్కోదానికీ శీర్షిక, ప్రభుత్వ విశ్లేషకుడి వివరణ, అటు ఇటు వాదనలు, వాటికి జవాబులు, చివర్లో అసలు చట్టం పాఠం ఉంటాయి. కనీస వేతనం, ఇంటి అద్దెల మీద విశ్లేషణ బాగానే ఉంది, ఓపిక ఉంటే అర్థమవుతుంది. నేను ఎక్కువసేపు కూర్చున్నది స్వలింగ జంటల పెళ్లికి సంబంధించిన ప్రపోజిషన్ 3 (మూడో ప్రతిపాదన) దగ్గర.

దానికో కారణం ఉంది. మా గరాజ్‌లో 2008 గైడు ఇన్నాళ్లూ ఉంది. పౌరసత్వం వచ్చాక వేసిన మొదటి ఓటు కదా అని దాచుకున్నాను. అందులో ప్రపోజిషన్ 8 ఉంది. ఆడ, మగ మధ్య జరిగే పెళ్లే కాలిఫోర్నియాలో చెల్లుతుందని రాష్ట్ర రాజ్యాంగంలో రాయాలన్న సవరణ. ఇంగ్లీషులో 14 మాటలు, అంతే. సంతకాలు సేకరించినప్పుడు దాని పేరు 'పెళ్లికి పరిమితి' అన్నట్టుగా మెత్తగా ఉండేది. అప్పటి అటార్నీ జనరల్ జెర్రీ బ్రౌన్ దాన్ని మార్చి, స్వలింగ జంటల పెళ్లి హక్కును తొలగిస్తుంది అని సూటిగా పెట్టించాడు. సవరణ తెచ్చినవాళ్లు కోర్టుకెళ్లినా ఆ శీర్షికే నిలిచింది.

అంత సూటిగా ఉన్నది చదివి కూడా నేను యెస్ పెట్టాను. ద్వేషమేం కాదు. డొమెస్టిక్ పార్ట్‌నర్‌షిప్ (పెళ్లి అనకుండా జంటగా నమోదు చేసుకోవడం) కింద రాష్ట్రం దాదాపు అన్ని హక్కులూ ఇచ్చేసింది కదా, పెళ్లి అనే మాట కోసం పట్టుదల ఎందుకు అనుకున్నాను. అప్పట్లో ఒబామా కూడా ఈ సవరణ వద్దంటూనే, తన దృష్టిలో పెళ్లంటే ఆడ, మగ మధ్యేనని చెప్పేవాడు. మధ్యేమార్గం వాళ్లకి అది భలే సౌకర్యంగా ఉండేది. అదే రోజు, అదే బ్యాలెట్ మీద ఒబామాకి 61 శాతం, ప్రపోజిషన్ 8కి 52 శాతం. మన దేశంలో రాజ్యాంగం మార్చాలంటే పార్లమెంటులో మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి. ఇక్కడ సగం కంటే ఒక్క ఓటు ఎక్కువొస్తే చాలు.

కోర్టుల పుణ్యమా అని 2013లో ఇక్కడ, 2015లో అమెరికా అంతటా ఆ పెళ్లిళ్లు చెల్లాయి. కానీ ఆ వాక్యం రాజ్యాంగంలో అలాగే ఉండిపోయింది. 2022లో అబార్షన్ తీర్పు సందర్భంగా అమెరికా సుప్రీంకోర్టు జస్టిస్ థామస్ 2015 నాటి పెళ్లి తీర్పును కూడా మళ్లీ చూడాలని రాశాడు. ఆ వాక్యాన్ని తీసేయడానికి ఇప్పుడీ ప్రపోజిషన్ 3 ఎందుకు అని అడిగేవాళ్లకి జవాబు అదే.

ఇక గైడులో నాకు నచ్చిన పేజీ. వెనకాల చట్టం పాఠం ఇచ్చేచోట తీసేసే మాటల మీద అడ్డగీత కొడతారు, చేర్చే మాటలు వాలు అక్షరాల్లో వేస్తారు. అక్కడ ఆ 14 మాటలూ ఉన్నాయి, నిండుగా గీత కొట్టి. కింద వాలుగా, పెళ్లి చేసుకునే హక్కు ప్రాథమిక హక్కు అని. వాదనలన్నీ చదివినా కలగనిదేదో ఆ గీత చూస్తే కలిగింది. అది నేను కూడా కలిసి రాయించిన వాక్యం మరి.

నచ్చనిది వాదనల భాగం. ఈ సవరణ వస్తే బాల్య వివాహాలకీ, రక్తసంబంధీకుల పెళ్లిళ్లకీ తలుపు తెరిచినట్టేనని వ్యతిరేకులు రాశారు. నాకు తెలిసి వయసు, వావివరసల నియమాలు వేరే చట్టాల్లో ఉన్నాయి. ఈ వాదనల నిజానిజాలు ఏ ప్రభుత్వ సంస్థా సరిచూడలేదని పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. భూతద్దం పెట్టుకుని చదవాలి. పైగా రాసేవాళ్లిద్దరూ రెండు చివర్లవాళ్లే. మధ్యలో ఉన్నవాడి సందేహానికి చోటు లేదు. అన్నట్టు, మా అమ్మమ్మ చేసుకున్నది సొంత మేనమామని. మా ఊళ్లో అంతకంటే మంచి సంబంధం లేదన్నారు. అదే పెళ్లి ఇక్కడ జరిగి ఉంటే మొదటి నుంచీ చెల్లనిదే.

ఇంటికి ఒకటే కాపీ వచ్చింది. ముగ్గురం ఓటర్లం. మా అమ్మాయికి ఇది మొదటి ఓటు. డైనింగ్ టేబుల్ మీద రెండు గైడులూ పక్కపక్కన పెట్టి చూస్తూ అడిగింది.

"నాన్నా, అప్పుడు నువ్వేం పెట్టావ్?"

"యెస్."

పెన్ను కింద పెట్టేసింది. "ఎందుకు?"

మాటే కదా అనుకున్నాను అన్నాను. తర్వాత ఎప్పుడో ఒక రాత్రి వాళ్లమ్మకి గాల్ బ్లాడర్ ఆపరేషన్ అయినప్పుడు నర్సు మీరేమవుతారు అని అడిగింది. హస్బెండ్ అన్నాను. ఇంకో ప్రశ్న లేకుండా తలుపు తీసింది. ఆ ఒక్క మాట ఎంత పని చేస్తుందో ఆ రోజు తెలిసిందని చెప్పాను. ఊఁ అని తన బ్యాలెట్ నింపుకుంది. ఏం పెట్టిందో నేను అడగలేదు, తను చెప్పలేదు.

ఓటును పోస్టులో పంపే కవరు మీద స్టాంపు అక్కర్లేదు. లెక్కలోకి తీసుకున్నామని ఫోన్‌కి మెసేజ్ వస్తుంది, ఆ సర్వీసుకి వంక పెట్టలేం. 2000లో 61 శాతం ఆడ, మగ పెళ్లే చెల్లాలన్న రాష్ట్రం ఈసారి 62 శాతం పైగా ప్రపోజిషన్ 3కి యెస్ చెప్పింది.

రాష్ట్ర గైడు పది భాషల్లో ఉంది, హిందీతో సహా. తెలుగు లేదు. తగ్గించిన స్టారు అది వచ్చిన ఏడాది ఇస్తాను. 2008 కాపీ ఇప్పుడు గరాజ్‌లో లేదు, మా అమ్మాయి తనతో డేవిస్ ఊరికి తీసుకుపోయింది.